ఎర్నా టేవ్స్ హాజరు

సెప్టెంబర్ 9

ఎర్నా పేరు మీద విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అంతర్జాతీయ సంబంధాల వ్యూహం తయారు చేయడానికి కమిటీ వేశారట. ఊరి తరఫున ఆమెను సభ్యురాలిగా విశ్వవిద్యాలయం సెనేట్ ఆమోదించిందట. విదేశీ విద్యార్థులకు ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న సేవను గుర్తించి.

ఇరవై రెండు కాదు, ఇరవై మూడు.

పాత సర్వే పుస్తకం ఒకటి సగం ఖాళీగా ఉంటే ఇందులో రాస్తున్నాను. వానకు తడవని కాగితం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి వాటిలో కొలతలే రాశాను. ఇప్పుడూ అంతకు మించి రాయాలని లేదు.

ఉదయం ఆరు డిగ్రీలు. గాలి వాయవ్యం నుంచి.

సెప్టెంబర్ 10

విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి చెప్పాలి.

సెప్టెంబర్ 11

చేయలేదు.

సెప్టెంబర్ 16

నేరుగా వెళ్ళి చెబుదామని వెళ్ళాను. మూడో అంతస్తు. పొడుగాటి బల్ల, తొమ్మిది కుర్చీలు, ఒక్కో కుర్చీ ముందు మడిచి నిలబెట్టిన పేరు అట్ట. 'ఎర్నా టేవ్స్' కిటికీ పక్కన ఉంది. ఎదురుగా నీళ్ళ గ్లాసు, కాగితం రుమాలు మీద ఒక డోనట్.

“ఎర్నా రాలేదు” అన్నాను.

“ఆలస్యమవుతుందా?” అని అడిగింది డాక్టర్ ఫిలిప్పా క్యారో. అంతర్జాతీయ వ్యవహారాలకు ఆమే అధిపతి, ఈ కమిటీకి అధ్యక్షురాలు. ఏడాది క్రితం దేశం తూర్పు వైపు నుంచి వచ్చింది. మంచి మనిషి. ఎదుటివాళ్ళ మాట వినేటప్పుడు తల ఆడిస్తూనే ఉంటుంది.

మినిట్స్ రాసే డొరీన్ కోవల్చుక్ పెన్ను కింద పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఆమెదే ఆ పని. చర్చి బృందంలో ఎర్నా పక్కనే నిలబడి పాడేది.

“ఎర్నా ఏప్రిల్లో చనిపోయింది డాక్టర్ గారూ. ఈయన ఆవిడ భర్త, అల్విన్.”

క్యారో గుండె మీద చెయ్యి వేసుకుంది. అందరూ నా వైపు చూశారు. పేరు తీసేయండి, వెళ్తాను అన్నాను.

అదే కుదరదట. సెనేట్ ఆమోదించింది పదవిని కాదు, పేరును. పేరు మార్చాలంటే నియామకాల సంఘం కూర్చోవాలి. నియామకాల సంఘానికి అధ్యక్షుడు లేడు. అతన్ని నియమించాల్సింది నియామకాల సంఘం.

“ఎన్నాళ్ళుగా లేడు?” అన్నాను.

“రెండేళ్ళు దాటింది” అంది డొరీన్. “పాపం, అందరూ చాలా కష్టపడుతున్నారు.”

“అప్పటిదాకా ఆ కుర్చీలో మీరు కూర్చోండి అల్విన్ గారూ” అంది క్యారో. “ఆవిడ గొంతు ఈ గదిలో వినపడాలి.”

కూర్చున్నాను. డోనట్ తినలేదు. రుమాలులో చుట్టి ఇంటికి తెచ్చాను. అది ఆమెది.

సెప్టెంబర్ 23

మినిట్స్ పోస్టులో వచ్చాయి.

'2(బి). దివంగత ఎర్నా టేవ్స్ స్మృతికి సభ్యులు ఒక నిమిషం మౌనం పాటించారు. ఎర్నా టేవ్స్ సభ్యులకు కృతజ్ఞతలు తెలిపారు.'

కృతజ్ఞతలు చెప్పింది నేనే. కానీ కుర్చీ ఆమెది కాబట్టి డొరీన్ అలా రాసింది. రూలు ప్రకారం సరైనదే.

కాగితాన్ని ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద పెట్టాను. తర్వాతి మీటింగు తేదీ అందులో ఉంది, అందుకు.

అక్టోబర్ 2

ఈ వ్యవహారం మీద నాకు ఆసక్తి లేదు. ఇరవై నిమిషాలు ముందే వెళ్ళాను, కారు పెట్టుకోవడానికి చోటు దొరకదని.

కొత్త మనిషి వచ్చాడు. బ్రెంటన్. టొరంటో సలహాదారు. బూట్లు మెరుస్తున్నాయి. మా అందరికీ తలా ఒక రంగు చీటీల కట్ట ఇచ్చి, 'ప్రపంచం' అనగానే మనసులోకి వచ్చిన మొదటి మాట రాసి గోడకు అంటించమన్నాడు. నేను 'గుండ్రం' అని రాశాను. చాలా లోతుగా ఉందన్నాడు.

నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతో జరగాలట. ఒక్కరు అభ్యంతరం చెప్పినా ముసాయిదా మళ్ళీ మొదటికి. వ్యూహం ఆమోదం పొందిన రోజున కమిటీ రద్దవుతుంది.

మీటింగు మొదట్లో క్యారో అడుగుతుంది: “గతసారి మినిట్స్‌లో సవరణలు ఉన్నాయా?” ఎవరూ మాట్లాడరు. నేను చెయ్యి ఎత్తాను. ఇరవై రెండు కాదు, ఇరవై మూడేళ్ళు అన్నాను. డొరీన్ దిద్దింది.

అక్టోబర్ 15

ఊరివాళ్ళ అభిప్రాయ సేకరణ. కర్లింగ్ క్లబ్బులో పెట్టారు, మంచు మీద రాళ్ళు జార్చి, వాటి ముందు చీపురుతో ఊడ్చే ఆట పక్కనే జరుగుతోంది. బ్రెంటన్ ఏదో చెప్పబోయినప్పుడల్లా అవతల ఎవరో “ఊడ్చు! ఊడ్చు!” అని అరిచేవారు. వందకు పైగా జనం వచ్చారు. మా పక్కింటి గస్ హ్యూబర్ట్ కూడా. సూప్ ఉందని ఎవరో చెప్పారట.

“మన విశ్వవిద్యాలయం ప్రపంచంతో ఎలా మమేకం కావాలి?” అని గోడ మీద పెద్ద అక్షరాల్లో రాశారు. కింద పసుపు చీటీలు.

“ఏరా అల్విన్, మమేకం అంటే ఏం రాయాలి?” అన్నాడు గస్.

“నీకు ఏం కావాలో రాయి.”

“నాకు బండి పెట్టుకోవడానికి చోటు కావాలి. క్లాసులున్న రోజుల్లో మా ఇంటి ముందు నా ట్రక్కుకే చోటుండదు.”

అదే రాశాడు. వెనక ఉన్నావిడ అది చదివి “అవునవును” అని తనూ రాసింది.

మొత్తం 214 చీటీలు. అందులో 163 పార్కింగ్ గురించి. 31 సూప్ బాగుందని. ఒకటి మాత్రం 'జనవరి బస్సు' అని ఉంది. దాని మీద ఇంకేమీ లేదు. చేతిరాత నాది.

అక్టోబర్ 29

ముసాయిదా వచ్చింది. వ్యూహానికి మూడు స్తంభాలు. మొదటి స్తంభం: 'ప్రపంచానికి నిలిచే చోటు.' అంటే పార్కింగ్. ఊరి ఆకాంక్షను సముచితమైన భాషలోకి తెచ్చామన్నాడు బ్రెంటన్. రెండో స్తంభం: 'ఆతిథ్య ఉష్ణత.' అది సూప్. మూడోది: 'ద్వారాలు తెరుస్తాం.'

“ఏ ద్వారం?” అన్నాను.

“అది ఒక భావన అల్విన్ గారూ.”

“సరే. ఎవరు తెరుస్తారు? జనవరిలో పిల్లలు బస్సు దిగుతారు. పలచటి చొక్కాలతో. ఆ బస్సు దగ్గరికి ఎవరు వెళ్తారు? పేరు రాయండి.”

బ్రెంటన్ నా ప్రశ్నను ఒక చీటీ మీద రాసి, 'తర్వాత చూద్దాం' అని ఉన్న చార్టుకు అంటించాడు. ఆ చార్టు తలుపు వెనక ఉంటుంది.

“అయితే నాకు అభ్యంతరం” అన్నాను.

నవంబర్ 4

'5. ద్వారాలు అంటే ఏమిటని ఎర్నా టేవ్స్ అడిగారు. జనవరి బస్సు దగ్గరికి ఎవరు వెళ్తారో పేరు రాయాలని ఎర్నా టేవ్స్ పట్టుబట్టారు. ఎర్నా టేవ్స్ అభ్యంతరంతో ముసాయిదా వెనక్కి పంపబడింది.'

మూడుసార్లు చదివాను. అచ్చం ఆమె మాట్లాడినట్టే ఉంది. బల్ల మీద వేలితో తట్టడం ఒక్కటే లేదు.

ఫ్రిజ్ మీద.

నవంబర్ 12

మొదటి మంచు. గరాజు తలుపు ముందు నుంచి పారతో తోశాను. తెరవలేదు. తెరవాల్సిన పని లేదు. కారు బయటే ఉంటుంది.

నవంబర్ 19

రెండో అభ్యంతరం. మొదటి పేజీలో 'మరియు'లు ఎక్కువయ్యాయి.

దారిలో డొరీన్‌కు చెప్పాను: “పోయినసారి 'అడిగారు' అని రాశావు. ఇకనుంచి 'మళ్ళీ అడిగారు' అని రాయి. ఎర్నా ఏదీ ఒక్కసారి అడగదు.”

“తెలుసు” అంది. కాసేపు నన్నే చూసింది. “ఇంట్లో తింటున్నావా అల్విన్?”

తింటున్నాను.

నవంబర్ 26

మూడో అభ్యంతరం. ముసాయిదా అట్ట మీద వేసిన పటంలో ఉత్తర దిక్కు గుర్తు లేదు. మా ఊరు పటంలో నాలుగు కిలోమీటర్లు పక్కకు జరిగింది.

మినిట్స్‌లో: 'పటంలోని సర్వే దోషాలను ఎర్నా టేవ్స్ ఎత్తి చూపారు.'

ఎర్నాకు దిక్కులు తెలియవు. నలభై నాలుగేళ్ళు సర్వేయర్‌తో కాపురం చేసి కూడా “ధాన్యం గోదాము దగ్గర ఎడమకి” అనే చెప్పేది. ఆ వాక్యం చదివితే పడీ పడీ నవ్వేది.

అయినా దాన్నీ పెట్టాను. ఫ్రిజ్ తలుపు మీద చోటు అయిపోయింది. దాని పక్కవైపున పెట్టాను.

డిసెంబర్ 3

కమిటీకి ఉపాధ్యక్షురాలు కావాలి. విశ్వవిద్యాలయానికి బయటి మహిళ అయి ఉండాలని నిబంధన. జాబితాలో అలాంటివారు ఒక్కరే.

బ్రెంటన్ ప్రతిపాదించాడు. బలపరిచేవాళ్ళు ఎవరని క్యారో అడిగింది. నేను చెయ్యి ఎత్తాను. చప్పట్లు.

'ఉపాధ్యక్షురాలిగా ఎర్నా టేవ్స్ పేరును బ్రెంటన్ ప్రతిపాదించగా ఎర్నా టేవ్స్ బలపరిచారు. ఎర్నా టేవ్స్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.'

అదే మీటింగులో నాలుగో అభ్యంతరం. దేని మీదో గుర్తు లేదు.

డిసెంబర్ 11

మైనస్ 27. పొద్దున కారు ఇంజను గడ్డకట్టకుండా కరెంటు తీగ తగిలిస్తుంటే గస్ కంచె అవతల నుంచి పిలిచాడు. చేతిలో పత్రిక. విశ్వవిద్యాలయం వేసిన పూర్తి పేజీ ప్రకటన. 'మన ఊరి గొంతు: ఉపాధ్యక్షురాలు ఎర్నా టేవ్స్.' పదేళ్ళ కిందటి ఫోటో, ఎర్ర టోపీ పెట్టుకుని.

“ఫోటో బాగుందిరా” అన్నాడు. “మనిషే లేదు.”

“రూలు ప్రకారం...”

“నీ రూలు బొంద పెట్టు. పోయిన మనిషిని వైస్ చైర్మన్ చేస్తావా? రేపు వోటుకి నిలబెడతావా?”

“సెనేట్ జాబితాలో ఆమె పేరుంది గస్.”

“ఒక్కటి చెప్పు. ఎర్నా బతికుంటే ఆ మీటింగులో ఎంతసేపు కూర్చునేది?”

పది నిమిషాలు కూడా కూర్చునేది కాదు. డోనట్లన్నీ సంచిలో వేసుకుని బస్సు దగ్గరికి పోయేది.

“తీగ సరిగా తగిలిందో లేదో చూసుకో” అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పేజీ కత్తిరించలేదు. మడిచి సొరుగులో పెట్టాను.

డిసెంబర్ 12

కత్తిరించాను.

డిసెంబర్ 18

ఎర్నాకు ఉత్తరం. కుమాసీ నుంచి, ఘానా స్టాంపులు.

'ప్రియమైన ఎర్నా అమ్మగారికి. మీ స్వాగత లేఖ అందింది. జనవరి ఆరున మధ్యాహ్నం రెండూ నలభై బస్సులో దిగుతాను. ఎర్ర టోపీ చూసి మిమ్మల్ని గుర్తుపట్టమని రాశారు. కోటు కొలత అడిగారు కదా. నేను చాలా పొడుగు. మా ఇంట్లో తలుపులన్నిటికీ వంగుతాను. చలి గురించి అందరూ ఏవేవో చెబుతుంటే మా అమ్మకు నిద్ర పట్టేది కాదు. మీ లేఖ చదివి వినిపించాక పడుకుంటోంది. ఇట్లు, అడ్వోవా బోటెంగ్.'

స్వాగత లేఖ. ఎర్నా రాసిందే. తొమ్మిదేళ్ళ కిందట కార్యాలయానికి ఇచ్చింది. ఆగస్టులో వచ్చేవాళ్ళకు తొందర లేదు, జనవరిలో వచ్చేవాళ్ళకు పంపండి అని.

డిసెంబర్ 19

కార్యాలయానికి వెళ్ళాను. ఆ లేఖ దానంతటదే వెళ్ళిపోతుందట. ఈసారి పదకొండు మందికి వెళ్ళింది. పదకొండు మందికీ ఎర్నా టేవ్స్ ఎర్ర టోపీతో నిలబడి ఉంటుందని చెప్పారు.

“మరెవరైనా వెళ్ళాలి కదా” అన్నాను.

ఆ గుమస్తా నన్ను డొరీన్ దగ్గరికి పంపాడు. డొరీన్ తలుపు వేసింది.

“బస్సు దగ్గరికి ఒక మనిషిని పెట్టాలని సెప్టెంబరు నుంచే అడుగుతున్నారు. వ్యూహం ఆమోదం పొందితే తప్ప ఎవరినీ పెట్టకూడదు. అది మూడో స్తంభంలోకి వస్తుంది.”

“మరి ఎందుకు ఆమోదించలేదు?”

డొరీన్ మినిట్స్ ఫైలు నా వైపు తిప్పింది. చదవాల్సిన అవసరం లేదు. నా దగ్గర అన్నీ ఉన్నాయి, ఫ్రిజ్ మీద.

ఎర్నా టేవ్స్ అభ్యంతరం. ఎర్నా టేవ్స్ అభ్యంతరం. ఎర్నా టేవ్స్ అభ్యంతరం. ఎర్నా టేవ్స్ అభ్యంతరం.

“తర్వాతి మీటింగు ఎప్పుడు?”

“జనవరి ఆరు. రెండు గంటలకి.”

“మార్చలేమా?”

“మార్చాలంటే ఉపాధ్యక్షురాలు ఇరవై ఒక్క రోజుల ముందు రాతపూర్వకంగా కోరాలి.” లెక్క వేసి చూసింది. “మూడు రోజులు దాటిపోయింది అల్విన్.”

డిసెంబర్ 25

చెల్లెలు ఆల్‌బుఖారా ప్లాట్జ్ కేకు పంపింది. సగం తిన్నాను.

డిసెంబర్ 29

ఐదో అభ్యంతరం రాసి పెట్టుకున్నాను. రెండు పేజీలు. పేజీ 14లో తూర్పు ఆఫ్రికా అని ఉన్నచోట పశ్చిమం అని ఉండాలి. ఇది నిజమైన తప్పు. నేను వెళ్ళి చెబితే వ్యూహం జూన్ దాకా నడుస్తుంది. ఆరు మీటింగులు. ఆరుసార్లు మినిట్స్.

నేను వెళ్ళకపోతే ఆ రోజే ఆమోదిస్తారు. కమిటీ రద్దు. ఆమె పేరున్న జాబితా కూడా.

బస్సు దగ్గరికి గస్‌ని పంపవచ్చు.

డిసెంబర్ 30

గస్‌ని అడిగాను. “నేను వెళ్తే నన్ను చూసి అదే బస్సులో వెనక్కి పోతారు” అన్నాడు. తర్వాత, “నువ్వెళ్తే నీతో వస్తా” అన్నాడు.

జనవరి 2

మైనస్ 31.

జనవరి 5

గరాజు తెరిచాను. మంచు బిగిసి తలుపు పైకి లేవలేదు. గస్ వచ్చి గునపంతో కొట్టాడు.

ముప్పై ఏడు చలికోట్లు. కర్రకు వరసగా. ఒక్కోదానికి కాలరు దగ్గర పిన్నుతో చీటీ. ఆమె చేతిరాత.

'జిప్పు మొండిది. కిందికి లాగి పైకి ఎత్తాలి.'

'ఎడమ జేబు చిల్లి. తాళాలు పెట్టుకోవద్దని చెప్పాలి.'

'దీనికి వెచ్చదనం తక్కువ. నడక ఎక్కువ ఉన్నవాళ్ళకు ఇవ్వద్దు.'

చివరన, అన్నిటికంటే పొడుగ్గా, నా నీలం కోటు. సర్వే పనుల కోటు. ఆరేళ్ళ కిందట పోయిందనుకున్నాను. బట్టలుతికే దుకాణం వాడితో గొడవ పడ్డాను. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళను.

'అల్విన్‌ది. పొడుగువాళ్ళు ఎవరైనా వస్తే. వసంతంలో తిరిగి తీసుకోవాలి. ఆయనకి చెప్పద్దు.'

గస్ నా భుజం మీద నుంచి చదివాడు.

“దొంగది” అన్నాడు. ముక్కు తుడుచుకుంటూ.

జనవరి 6

మైనస్ 34. గాలి ఉత్తరం నుంచి, సూటిగా.

ఒంటి గంటన్నరకు అభ్యంతరం కాగితాలు కోటు జేబులో ఉన్నాయి. ఒకటీ నలభైకి కారు తిప్పాను. విశ్వవిద్యాలయం కుడివైపు. బస్సు ఆగే పెట్రోల్ బంకు ధాన్యం గోదాము దగ్గర ఎడమకి.

ఎడమకి తిరిగాను. వెనక గస్ ట్రక్కు, ట్రక్కు నిండా కోట్లు.

ఎర్ర టోపీ నేనే పెట్టుకున్నాను. లేఖలో అలా ఉంది.

“అందంగా ఉన్నావు” అన్నాడు గస్.

“నోర్మూసుకో.”

బస్సు పదిహేను నిమిషాలు ఆలస్యం. పదకొండు మంది దిగారు. మొదటి గాలి తగలగానే ఒకబ్బాయి “అబ్బా!” అని అరిచి మళ్ళీ బస్సెక్కబోయాడు. గస్ వాడిని పట్టుకుని కోటులో దూర్చాడు, గొర్రెపిల్లను గోనెలో వేసినట్టు. మొండి జిప్పు వాళ్ళకు జిప్పు సంగతి చెప్పాను. చిల్లి జేబు వాళ్ళకు తాళాల సంగతి చెప్పాను.

చివర్లో ఆమె దిగింది. బస్సు తలుపుకు వంగింది.

“మీరు...” నా టోపీ వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూసింది. “ఎర్నా అమ్మగారు ఎక్కడున్నారండీ?”

మీటింగులో ఈపాటికి హాజరు తీసుకుని ఉంటారు.

“ఎర్నా చనిపోయింది” అన్నాను. “ఏప్రిల్లో. నేను ఆమె భర్తని. ముందు ఈ కోటు వేసుకోండి.”

నీలం కోటు ఆమెకు సరిగ్గా సరిపోయింది. చేతులు కూడా. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఈ చలిలో ఏడిస్తే రెప్పలు అంటుకుంటాయని చెప్పాను. ఇద్దరం కారు లోపలికి వెళ్ళాక కాసేపు అక్కడే ఉన్నాం.

“మా అమ్మకి ఏం చెప్పను?” అంది చివరికి.

“కోటు అందిందని చెప్పండి.”

“అది చెప్తాను.” ఆమె కాలరు దగ్గర చీటీ చూసి చదివింది. “'ఆయనకి చెప్పద్దు' అని ఉందేంటి?”

“నాకు తెలిసిపోయింది” అన్నాను. “వసంతంలో తిరిగి ఇవ్వాలి.”

జనవరి 9

బట్టలుతికే దుకాణానికి వెళ్ళాను. క్షమాపణ చెప్పాను. దేని గురించో అతనికి గుర్తు లేదు.

జనవరి 13

మినిట్స్ వచ్చాయి. డొరీన్ తనే ఇంటికి తెచ్చి ఇచ్చింది.

'హాజరైనవారు: ఎనిమిది మంది. హాజరు కానివారు: ఎర్నా టేవ్స్.

3. వ్యూహం ఏకాభిప్రాయంతో ఆమోదించబడింది. పేజీ 14లోని ఆఫ్రికా దోషాన్ని ఎవరూ గమనించలేదు.

4. జనవరి బస్సు దగ్గరికి మనిషిని పెట్టాలని నిర్ణయించారు. వచ్చే జనవరి నుంచి.

5. కమిటీ రద్దయింది.'

మూడో అంశంలోని రెండో వాక్యం డొరీన్ సొంతంగా చేర్చింది. అది రూలు కాదు.

వాకిట్లో నిలబడే ఉంది. ఇక మీటింగులు లేవు కాబట్టి ఆఖరి మినిట్స్‌కు సంతకాలు ఇంటింటికీ తిరిగి తీసుకోవాలట. పెన్ను చేతికిచ్చింది.

“సవరణలు ఉన్నాయా?”

హాజరు కానివారు అన్న వరస మళ్ళీ చదివాను.

“లేవు” అన్నాను.